సింహళాభిమానము, మస్కి శిల

సింహళద్వీపమునకు, అనగా నేటి శ్రీలంకకు, పోయివచ్చిన మనవారు ఆ దేశమును, ఆ ప్రజలను ప్రశంసింపక మానరు. పున్నమినాడు తెల్లని వస్త్రములు ధరించి, చేత పూవులు గొని విహారమునకు నడచు కుటుంబములను, అనురాధపురమున బోధివృక్షముచెంత మౌనముగా కూర్చుండు వృద్ధులను వర్ణించునప్పుడు వారి మాటలలో నొక యార్ద్రత తోచును. ఈ యభిమానము మెచ్చదగినదే. అయితే ఇది కేవలము పరదేశాభిమానము గాదనియు, ఇందు మన ఋణమొకటి యిమిడియున్నదనియు మా యభిప్రాయము.

క్రీ. శ. మూడవ శతాబ్దమున మన నాగార్జునకొండపై బోధిశ్రీ యను ఉపాసిక సింహళ స్థవిరులకై చైత్యగృహమును గట్టించెను. అచ్చటి శాసనము సింహళ విహారమును గూడ పేర్కొనుచున్నది. అట్టి చెలిమిని మనము పిదప మరచితిమి; వారు మరువలేదు. మన దేశపు శిలలపై ‘దేవానాంప్రియ ప్రియదర్శి’ అను బిరుదములు నిలిచియుండెను గాని, ఆ రాజెవరో తెలిసినవారు లేకపోయిరి. 1837లో జేమ్సు ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని చదువగా, సింహళ ప్రభుత్వోద్యోగి జార్జి టర్నర్ పాళీ గ్రంథమగు దీపవంశము ననుసరించి ఆ ప్రియదర్శి అశోకుడే యని చూపెను. మన చక్రవర్తిని మనకు గుర్తుపట్టి యిచ్చినది సింహళ భిక్షువులు కాపాడిన వాఙ్మయము.

దానికి సాక్ష్యము రాయచూరు జిల్లాలో దొరకినది. 1915లో బంగారుగనుల ఇంజనీరగు బీడన్ మస్కి యొద్ద నొక శిలాశాసనమును గుర్తించెను. హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని ఆ యేటనే హైదరాబాదు పురావస్తు గ్రంథమాల ప్రథమ సంపుటముగా ప్రకటించిరి. అంతవరకు దొరకిన ధర్మలిపులలో లేని ‘అశోక’ నామము అందు స్పష్టముగా నున్నది. తాళపత్రము పలికిన మాటను శిల ధ్రువపరచినది.

ఆ శాసనము చెప్పునదేమి? తాను రెండున్నర యేండ్లకు పైగా బుద్ధోపాసకుడనని రాజు చెప్పుకొనుచున్నాడు. ధర్మనిష్ఠ గల అల్పుడు సైతము ఉత్తమఫలమును పొందగలడనియు, అది గొప్పవారికే సాధ్యమని తలపరాదనియు, ఈ మాటను చిన్నలకు పెద్దలకు తెలుపవలెననియు శాసించుచున్నాడు. సింహళ ప్రజల వినయమును మెచ్చి వచ్చి, తన యింటి పనివానికి కూర్చుండ చోటీయని వాని యభిమానము ఎంతటిది? పరదేశమున బుట్టిన ప్రేమకు స్వగృహమే పరీక్షాస్థలము.

రాయచూరు 1956 వరకు హైదరాబాదు రాజ్యమున నుండి, అటుపిమ్మట కన్నడిగుల రాష్ట్రమున జేరినది. ఎల్లలు మారినను శిల కదలలేదు. దానిపైనున్నది తెలుగు గాదు, కన్నడము గాదు, ప్రాకృతము. కావున అది మాదేయని పంతమాడుట కెవరికిని అవకాశము లేదు; పోయి చూచుటకు మాత్రము అందరికిని గలదు.

రాజధానియందలి న్యాయవాదులు, వైద్యులు, అధ్యాపకులు, ఉద్యోగులు సింహళయాత్ర మానవలెనని మేము చెప్పుట లేదు. తప్పక పోవుదురుగాక! కాని కొలంబోకు పోవు శ్రద్ధలో పదియవ పాలైనను మస్కిపై జూపి, పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఆ శాసనార్థమును వారికి వినిపింపుడని మా విన్నపము. చిన్నలకు గూడ తెలుపుడని రాజు కోరిన మాట యది. తెలుపవలసిన పని యింకను మిగిలియున్నది.