అక్షరం కదలకపోతే అపశ్రుతే!

రికార్డింగుకు అంతా సిద్ధం. వయొలిన్లు, ఫ్లూటు, గిటారు... అందరి ముందూ ప్రింటు తీసిన కాగితాలు. అంతలో గాయని 'పైస్థాయి అందడం లేదు, శ్రుతి కాస్త దించండి' అంటుంది. అదెంత పని! పాట కంప్యూటర్లోనే ఉందాయె. రెండు క్లిక్కులతో స్వరాలన్నీ రెండో శ్రుతి నుంచి ఒకటో శ్రుతికి దిగిపోతాయి. కొత్త కాగితాలు వచ్చేస్తాయి. తీరా వాయించడం మొదలెడితే... వయొలిన్లది ఒక దారి, గిటారుది ఇంకో దారి. అందరూ గిటారిస్టు వంక గుర్రుగా చూస్తారు. పాపం, అతను కాగితంలో ఉన్నదే వాయించాడు. స్వరాలు దిగాయిగానీ, వాటి నెత్తిన రాసిన అక్షరాలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి మరి!

ఆ అక్షరాలనే కార్డ్ గుర్తులు అంటారు. కార్డ్ అంటే ఏటీఎం కార్డు కాదు. ఒకేసారి పలికించే మూడు నాలుగు స్వరాల గుత్తి. 'సి' అని రాస్తే సి, ఇ, జి మూడూ కలిపి మోగించాలి. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం. అదే 'సి మైనర్' అయితే అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం వస్తుంది. గిటారు, కీబోర్డు వాయించేవాళ్లకు ప్రతి స్వరమూ రాసివ్వక్కర్లేదు. గీతల పైన ఈ గుర్తులు పెడితే చాలు... మిగతాది వాళ్లే చూసుకుంటారు.

మనకు లేని తలనొప్పి

కర్ణాటక సంగీతంలో ఈ చిక్కే లేదు. స, రి, గ, మ అని రాసుకుంటే చాలు. గాయకుడు ఒకటో శ్రుతిలో పాడినా, ఐదో శ్రుతిలో పాడినా 'స' సయే. కాగితం మార్చే పని లేదు. పాశ్చాత్యుల సి, డి, ఇ అలా కాదు. హార్మోనియం మెట్టుకు మేకు కొట్టినట్టు ఒక్కో అక్షరానిదీ ఒక్కో స్థానం. పాట కదిలితే అక్షరమూ మారాలి. డి, బి మైనర్, జి, ఎ అన్న వరస... ఒక మెట్టు దించితే సి, ఎ మైనర్, ఎఫ్, జి అయిపోవాలి.

అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోల వాళ్లకూ ఈ బాధ తెలుసు. 1950ల చివర్లో జోర్డనేర్స్ బృందంలోని నీల్ మాథ్యూస్ అక్షరాల బదులు అంకెలు వాడటం మొదలెట్టారు. 1, 6 మైనర్, 4, 5 అని రాసుకుంటే శ్రుతి ఏదైనా కాగితం అదే. అచ్చం మన సరిగమల ఉపాయమే! 'నాష్‌విల్ నంబర్ సిస్టమ్' పేరుతో అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

రెండు పెట్టెల కథ

అక్షరాలనే వాడేవాళ్లకు ఆ మార్చే చాకిరీని నొటేషన్ సాఫ్ట్‌వేర్ తీసుకుంది. కానీ ఒక షరతు... అది కార్డ్ అని దానికి తెలియాలి. మ్యూజ్‌స్కోర్‌నే తీసుకోండి. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా దీన్నే పట్టుకుంటారు. అందులో స్వరాన్ని ఎంచుకుని కంట్రోల్+టి నొక్కితే మామూలు టెక్స్ట్ పెట్టె, కంట్రోల్+కె నొక్కితే కార్డ్ పెట్టె తెరుచుకుంటాయి. రెండింట్లోనూ 'డి' అని కొడితే చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిది ఒట్టి అక్షరం. రెండోది, ఫలానా తాళం దెబ్బ దగ్గర ఫలానా స్వరాలు మోగాలన్న సమాచారం. శ్రుతి మారిస్తే తనూ మారుతుంది. 2020లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచి మోగి వినిపిస్తుంది కూడా. సిబేలియస్‌లోనూ కార్డ్‌కు కంట్రోల్+కెనే. డోరికోలో అయితే షిఫ్ట్+క్యూ.

ట్రంపెట్, శాక్సోఫోన్ ఉంటే ఈ తేడా మరీ ముఖ్యం. బి ఫ్లాట్ ట్రంపెట్ కాగితంలో సి బదులు డి ఉండాలి. ఆల్టో శాక్స్‌కైతే ఎ ఉండాలి. సరైన పెట్టెలో రాస్తే ఎవరి కాగితంలో వారి అక్షరం దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ఇంకో సంగతి. 1988లో వచ్చిన ఫినాలే అభివృద్ధిని ఆపేస్తున్నట్టు 2024 ఆగస్టులో మేక్‌మ్యూజిక్ కంపెనీ ప్రకటించింది. దాంతో పాత ఫైళ్లను వేరే సాఫ్ట్‌వేర్లకు తరలించుకోవాల్సి వచ్చింది. అందుకు దారి మ్యూజిక్ ఎక్స్ఎంఎల్. అందులో కార్డ్‌కు వేరే గది, మాటలకు వేరే గది ఉంటాయి. కార్డ్‌గా రాసింది కార్డ్‌గానే వెళ్తుంది. ఒట్టి అక్షరంగా రాసింది కొత్త ఇంట్లోనూ ఒట్టి అక్షరమే!

ఒక్క మాట తేడా

పెట్టె సరైనదైతే సరిపోదు, రాత కూడా సరిగా ఉండాలి. 'సి సెవెన్' వేరు, 'సి మేజర్ సెవెన్' వేరు. మొదటిదాంట్లో కైశికి నిషాదం, రెండోదాంట్లో కాకలి నిషాదం. జర్మనీ నుంచి వచ్చిన పుస్తకం చూసి ఎక్కిస్తుంటే ఇంకా జాగ్రత్త. అక్కడ 'బి' అంటే మన కీబోర్డు వాళ్లనే బి ఫ్లాట్. అసలు 'బి'ని వాళ్లు 'హెచ్' అంటారు. మ్యూజ్‌స్కోర్ స్టైల్ సెట్టింగుల్లో ఈ జర్మన్ పద్ధతికీ చోటుంది.

ఇక మాటల సంగతి. 'ఇక్కడ నెమ్మదించండి' అని వయొలిన్ గీతల పైన మామూలు టెక్స్ట్‌గా రాస్తే, విడివిడి కాగితాలు తీసినప్పుడు అది వయొలిన్ వాళ్లకే కనబడుతుంది. వాళ్లు నెమ్మదిస్తారు, మిగతావాళ్లు దూసుకుపోతారు! అందరికీ చెప్పాల్సిన మాటైతే కంట్రోల్+షిఫ్ట్+టితో సిస్టమ్ టెక్స్ట్‌గా రాయాలి. లయ వేగానికి టెంపో టెక్స్ట్ అని ఇంకోటి ఉంది. దానికి ఆల్ట్+షిఫ్ట్+టి.

సాహిత్యానికి కంట్రోల్+ఎల్. ఒక మాట అయ్యాక స్పేస్ కొడితే తర్వాతి స్వరం కిందికి వెళ్తుంది. మాటను మధ్యలో విడగొట్టాలంటే హైఫన్ కొట్టాలి. తెలుగులో చిన్న మెలిక ఉంది. 'కృష్ణా'ను రెండు స్వరాలకు పంచాలంటే రాత ప్రకారం కృ-ష్ణా, పలుకుబడి ప్రకారం కృష్-ణా. ఏదైనా ఫర్వాలేదు, పాటంతా ఒకే పద్ధతి ఉండాలి. ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో ముందు ఒక చరణం ప్రింటు తీసి చూసుకోవడం మేలు.

చిన్న పరీక్ష

కాగితాలు పంచే ముందు ఒక్క నిమిషం పని. పాట మొత్తం సెలెక్ట్ చేసి, టూల్స్‌లో ట్రాన్స్‌పోజ్ నొక్కండి. కార్డ్ గుర్తులూ మారాలన్న చోట టిక్ ఉందో లేదో చూడండి. శ్రుతి ఒక మెట్టు దించండి. మారిన అక్షరాలన్నీ కార్డ్‌లు. మారకుండా మొండికేసినవన్నీ ఎవరో తొందరలో కొట్టిన ఒట్టి రాతలు. వాటిని గుర్తుపెట్టుకుని అన్‌డూ కొట్టి, ఒక్కోటీ సరైన పెట్టెలో మళ్లీ రాయండి. ఇంట్లో కూర్చుని చేసుకుంటే అది పది నిమిషాల పని. వాద్యబృందం మొత్తం ఎదురుచూస్తుంటే ఆ పది నిమిషాలు గంటల్లా అనిపిస్తాయి!