పురాధ్యక్షపీఠము – మంత్రిపీఠము

పురపాలనము రాజ్యపాలనమునకు తొలిబడి యని పెద్దలందురు. ఈ మాట తెలుగువారికి క్రొత్తది గాదు. యౌవనమున రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షులైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1946లో మదరాసు రాష్ట్రమునకు ప్రధానియు, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియు నైరి. అహమ్మదాబాదు పురపాలక సంఘమును నడపిన పటేలుగారే పిదప సంస్థానములను భారతదేశమున విలీనము గావించిరి. వీధి యూడ్పించుటయు, నీరు తెప్పించుటయు, దీపము వెలిగించుటయు నేర్చినవాడు ప్రజల కష్టసుఖముల నెరుగునను విశ్వాసము నిరాధారము కాదు. కాని తొలిబడిలో మేటి యనిపించుకొన్న విద్యార్థి పైబడిలో తప్పుటయు కలదు. అది యేల? దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున హోవాకీన్ లావీన్ అను నాయకుని చరిత్రము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. దానిని పురపాలకులును, వారి నెన్నుకొను పౌరులును పరిశీలింపదగును.

లావీన్ 1953లో సాంటియాగో నగరమున జన్మించెను. అర్థశాస్త్రజ్ఞుడు, చికాగో విశ్వవిద్యాలయమున పట్టము పొందినవాడు. 1973 సెప్టెంబరు 11వ తేదీన, ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమును కూలద్రోసి గద్దెనెక్కిన సేనాని పినోషే 1990 వరకు ఆ దేశము నేలెను. ఆ కాలమున చికాగోలో చదివిన పండితులే అచటి ఆర్థిక విధానమునకు సూత్రధారులు. చదువును, వైద్యమును, వృద్ధాప్యపు భృతియు క్రమముగా అంగడి సరకులైనవి. ఈ మార్పును ప్రశంసించుచు లావీన్ 1987లో చిలీ దేశపు ‘నిశ్శబ్ద విప్లవము’ అను అర్థము గల పేరుతో నొక గ్రంథము వెలువరించెను. నోరెత్తినవారి నోళ్లు మూయబడిన దేశమున విప్లవము నిశ్శబ్దముగాక మరెట్లుండునని యెవరైన నడిగినచో వారిని తప్పుపట్టజాలము.

సైనికపాలనమున పురాధ్యక్షులను పైవారు నియమించెడివారు. ప్రజాస్వామ్యము మరలివచ్చిన పిమ్మట 1992లో పురపాలక ఎన్నికలు జరిగెను. సాంటియాగో మహానగరము ఒక్క పురపాలక సంఘము క్రింద లేదు. ముప్పదికి పైగా పురములుగా విభజింపబడి యున్నది. అందు మిక్కిలి సంపన్నమైన వానిలో నొకటి లాస్ కొండేస్. లావీన్ దానికి అధ్యక్షుడయ్యెను. రాజకీయ వాదములతో తనకు పనిలేదనియు, ప్రజల నిత్యసమస్యలను తీర్చుటయే తన వ్రతమనియు చాటెను. వీధుల కాపుదలకు ఏర్పాట్లు చేసెను. పురవిషయములలో పౌరుల అభిప్రాయమును సేకరించెను. 1996లో భారీ ఆధిక్యముతో మరల గెలిచెను.

ఈ కీర్తియే ఆతనిని దేశాధ్యక్ష పదవికి పోటీ చేయించెను. 1999 డిసెంబరులో జరిగిన తొలివిడత ఎన్నికలలో సోషలిస్టు నాయకుడు రికార్డో లాగోస్‌కును ఆతనికిని నడుమ గల వ్యత్యాసము 31 వేల వోట్లు మాత్రమే. 2000 జనవరిలో జరిగిన రెండవ విడతలో లాగోస్ నూటికి 51 వోట్లతో గెలిచెను. ఓడినను లావీన్ నిరుత్సాహపడలేదు. అదే సంవత్సరము సాంటియాగో నడిబొడ్డున గల మూలపురమునకు అధ్యక్షుడయ్యెను. సముద్రతీరమునకు పోజాలని పేదల కొరకు నగరముననే ఇసుక పరపించి కృత్రిమపు తీరము నిర్మించెను. మంచుకొండలు చూడని బిడ్డలకు నగరముననే మంచు చూపించెను. పిల్లలు సంతోషించిరి, పత్రికలు చిత్రములు ప్రకటించెను. ప్రతిపక్షులు ఈ పద్ధతికి ‘కొసీస్మో’ అని పేరుపెట్టిరి. ‘కొసా’ యనగా వస్తువు. కంటికి కనబడు వస్తువు నిచ్చి, కంటికి కనబడని ప్రశ్నను దాటవేయు రాజకీయమని వారి భావము.

ఈ ఆక్షేపణను పూర్తిగా అంగీకరింప నక్కరలేదు. పేదబిడ్డ యొకదినము ఇసుకలో నాడుకొనుట చిన్న విషయము కాదు. సిద్ధాంతములు వల్లించుచు మురుగుకాలువను మరచిన పురపాలకుల కంటె కాలువను బాగుచేసినవాడు మేలు. కాని లాస్ కొండేస్ పురమున సాధ్యమైనది పొరుగున నున్న పేదపురమున ఏల సాధ్యము కాలేదు? అధ్యక్షుని సామర్థ్యము చాలకనా? కాదు, బొక్కసము చాలక. ధనికపురము నేలువానికి ఈ ప్రశ్న ఎదురుపడదు. అది ఎదురుపడు స్థానము వేరొకటి కలదు. అదియే మంత్రిపీఠము.

2005లో మరల దేశాధ్యక్ష పదవికి పోటీచేసి లావీన్ మూడవ స్థానమున నిలిచెను. 2010 మార్చి 11వ తేదీన సెబాస్టియన్ పిన్యేరా దేశాధ్యక్షుడై ఆతనిని విద్యామంత్రిగా నియమించెను. అంతకు పండ్రెండు దినములకు పూర్వమే చిలీ దేశమును 8.8 ప్రమాణము గల భూకంపము కుదిపివేసి యుండెను. బడులెన్నియో కూలినవి. నలుబదియైదు దినములలో బిడ్డలందరిని మరల తరగతులలో కూర్చుండబెట్టుదునని లావీన్ వాగ్దానము చేసి, గుడారములలోను తాత్కాలిక గృహములలోను చదువు సాగించుటకు పాటుపడెను. ఇది పురాధ్యక్షుని విద్య, ఇందాతడు ఆరితేరినవాడు.

పిమ్మట నతడు చేసిన పని వేరొక విధమైనది. పరీక్షాఫలితములను బట్టి బడులకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసి, ఏ బడి ఏ రంగుదో చూపు పటములను తల్లిదండ్రులకు పంపించెను. మంచి బడి నెన్నుకొనుడని సలహా. కాని ఎర్రరంగు పడిన బడులలో పెక్కు పేదలవి. ఊరిలో వేరొక బడి లేనివాడు, ఉన్నను రుసుము చెల్లింపలేనివాడు, ఆ పటము చూచి యేమి చేయవలెను? జబ్బుపేరు చెప్పి మందు చెప్పని వైద్యునివలె ఆ పటము వారికి సిగ్గు నిచ్చెనే గాని చదువు నీయలేదు.

ఇచట చిలీ విద్యావిధానమును కొంత తెలిసికొనవలెను. 1980వ దశాబ్దారంభమున సైనిక ప్రభుత్వము జాతీయ పాఠశాలలను కేంద్రము చేతినుండి తీసి పురపాలక సంఘముల కప్పగించెను. తలకింతయని ధనసహాయమును ప్రైవేటు బడులకును ఇచ్చెను. కలిగిన పురమున బడి కళకళలాడెను. లేని పురమున బడి వెలవెలబోయెను. విశ్వవిద్యాలయపు రుసుములు ఆ దేశీయుల ఆదాయముతో పోల్చిన లోకమునందు మిక్కిలి హెచ్చైన వానిలో చేరెను. మధ్యతరగతి కుటుంబములు ఋణగ్రస్తములయ్యెను. లాభార్జన చట్టవిరుద్ధమైనను, విశ్వవిద్యాలయపు భవనములను తమ సంస్థలనుండియే అద్దెకిచ్చి లాభము తీయు స్థాపకులున్నారని విద్యార్థులు ఘోషించిరి.

2011 మే నెలనుండి ఈ ఘోష వీధుల కెక్కెను. వేలకొలది, లక్షకొలది విద్యార్థులు ఊరేగిరి; బడులను ఆక్రమించి నెలల తరబడి విడువలేదు. కమీలా వయేహో అను విద్యార్థినాయకురాలి పేరు దేశదేశముల మారుమ్రోగెను. ఉచితమైన, ఉత్తమమైన విద్య ప్రజల హక్కని వారి వాదము. జూలైలో ప్రభుత్వము నాలుగు వందల కోట్ల డాలర్ల నిధి ప్రకటించెను. విద్యార్థులు దానిని త్రోసిపుచ్చిరి. వారడిగినది సొమ్ము గాదు, న్యాయము.

మరియు వారు మంత్రిని సూటిగా నొక ప్రశ్న వేసిరి. 1990లో స్థాపింపబడిన ‘దెసరోయో’ విశ్వవిద్యాలయపు స్థాపకులలో లావీన్ ఒకడు. ప్రైవేటు విద్యాలయమును నెలకొల్పినవాడు ప్రైవేటు విద్యాలయములపై తీర్పరి యగుట ధర్మమా? ఆతడు చట్టము తప్పెనని మేమనము. కాని ప్రజాజీవనమున చట్టము తప్పకుండుట చాలదు, సందేహమునకు తావీయకుండవలెను. వ్యాజ్యమున నొక పక్షమువాడు న్యాయాసనమున కూర్చున్నచో, తీర్పు ధర్మబద్ధమైనను ప్రజలు నమ్మరు.

2011 జూలై 18వ తేదీన పిన్యేరా ఆతనిని విద్యాశాఖనుండి తప్పించి ప్రణాళికాశాఖ కిచ్చెను. 2013 వరకు లావీన్ మంత్రివర్గమున నుండెను. మంత్రి మారినను ప్రశ్న మారలేదు. 2016 నుండి పేద విద్యార్థులకు ఉన్నతవిద్య ఉచితమగుట మొదలిడెను. 2017లో చేసిన శాసనము బడులను పురపాలక సంఘముల నుండి క్రమముగా తప్పించి క్రొత్త ప్రభుత్వ సంస్థల కప్పగింప నుద్దేశించెను. ఆ ఉద్యమమున నెదిగిన గాబ్రియేల్ బోరిచ్ 2022లో దేశాధ్యక్షుడయ్యెను. వయేహో మంత్రిణి యయ్యెను. వీధిలో నరచినవారు దశాబ్దము దాటిన కొలదికాలమునకే మంత్రాలోచన సభలో కూర్చుండిరి.

లావీన్ 2016లో లాస్ కొండేస్ పురమునకు మరల అధ్యక్షుడై 2021 వరకు పాలించెను. ఆ రెండవ పర్యాయమున నొక విశేషము జరిగెను. సొంతయిల్లు లేని కుటుంబములకు ధనికుల పేటలోనే గృహములు నిర్మింప నతడు 2018లో సంకల్పించెను. ఇరుగుపొరుగువారు భగ్గుమనిరి, తమ యిండ్ల విలువ తగ్గునని గోలపెట్టిరి. అతడు వెనుదీయలేదు. ఇసుకతీరమును మెచ్చినవారే ఈ ఇండ్లను ద్వేషించిరి. ఇసుక ఎవరి సొత్తును తాకలేదు; ఈ యిండ్లు ధనికునికిని పేదకును నడుమ గల గోడను తాకెను. ఆతని జీవితమున నిజమైన రాజనీతి కనబడినది ఇచ్చటనే యని మా అభిప్రాయము. మంత్రిపీఠమున నతనికి దొరకని ధైర్యము పురపీఠమున దొరకెను.

కావున పురపాలనము రాజ్యపాలనమునకు తొలిబడి యను మాటలో తప్పులేదు. ఆ బడిలో నేమి నేర్చెనన్నదే ప్రశ్న. వస్తువులు పంచిపెట్టుట మాత్రమే నేర్చినవాడు మంత్రియైన పిదప ప్రజలు హక్కు నడిగినప్పుడు తెల్లబోవును. తన పురము వెలుగుచుండ పొరుగుపురము చీకటిలో నేల నున్నదని అడుగ నేర్చినవాడే దేశమునకు మంత్రి కాదగును. వోటు వేయువారు అభ్యర్థి వేయించిన దీపములను లెక్కింపవచ్చును. ఆ దీపపు వెలుగు ఎంతవరకు పడినదో కూడ చూడవలెను.