కంప్యూటర్ గ్రూపు కోసం పంట తాకట్టు పెట్టాలా?

"అమ్మగారూ, మా పిల్ల కంప్యూటరు సదువుతానంటంది. ఆ గ్రూపు ఇక్కడ లేదంట గదా?"

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మా వీధి చివరింటామె అడిగిన మాట ఇది. మాది గుమ్మలక్ష్మీపురం. 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యంలోకి వచ్చాం. ఆమె చేతిలో మైదానంలోని ఓ ప్రైవేటు కాలేజీ వాళ్లు పంచిన రంగుల కాగితం. 'ఎం.పి.సి. విత్ కంప్యూటర్స్' అని పెద్దక్షరాలు. ఫీజు కోసం వచ్చే ఏటి జీడిపంట మీద షావుకారు దగ్గర ముందే డబ్బు తీసుకుందామని ఆమె ఆలోచన.

ఆ కాగితం చూసి నాకు మనసు నిలవలేదు. తెలిసినవాళ్లని అడిగాను, నాలుగు విషయాలు తెలుసుకున్నాను. మనలాంటి తల్లులందరికీ పనికొస్తాయని రాస్తున్నాను.

ఎం.పి.సి. అనే మూడక్షరాల్లో కంప్యూటర్ లేదు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, అంతే. అయినా ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటుకి ఏ లోటూ రాదు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుంటే లెక్కలవి 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కంప్యూటర్ మీద ఒక్కటీ లేదు. ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులకి పోతుంది, అవీ ఈ మూడు సబ్జెక్టులవే. అంటే సీటు తెచ్చేది లెక్కలు. అవి దగ్గర్లో ఉన్న గిరిజన గురుకుల కాలేజీలోనూ చెబుతారు, వసతి, భోజనం ఖర్చు లేకుండా. ఆ 'విత్ కంప్యూటర్స్' అన్నది బోర్డు సబ్జెక్టా, కాలేజీ వాళ్లు సొంతంగా చెప్పేదా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, రంగు వెలిసిపోతుంది.

మరయితే ఇంటర్‌లో కంప్యూటర్ అక్కర్లేదా? నేనలా అనను. చిత్రమేమిటంటే ఆ ప్రవేశ పరీక్ష రాయాల్సింది కంప్యూటర్ మీదే! పట్నం పిల్ల మౌస్ పట్టుకుని చకచకా ప్రశ్నలు తిప్పుతుంటే, కొండ మీది పిల్ల పరీక్ష హాల్లోనే మొదటిసారి దాన్ని ముట్టుకుంటే ఎలా ఉంటుంది? లెక్క వచ్చీ చెయ్యి వణుకుతుంది. సీటొచ్చాక ఇంకో కష్టం. సి.బి.ఎస్.ఇ.లో ప్లస్ టూ పిల్లలు కంప్యూటర్ సైన్స్‌ని సబ్జెక్టుగా తీసుకోవచ్చు. థియరీకి 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కి 30. పైథాన్‌లో ప్రోగ్రాములు రాసి వస్తారు. వాళ్ల పక్కనే మన పిల్ల కూర్చోవాలి.

వేరే దారులూ లేకపోలేదు. పదో తరగతి మార్కులతోనే ఆర్.జి.యు.కె.టి. ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల కోర్సులో చేరవచ్చు. శ్రీకాకుళంలోనూ ఒకటుంది. సర్కారు బడి పిల్లలకి 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. ఈ సంగతి మా ఊళ్లో ఎందరు తల్లులకి తెలుసో! పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో మూడేళ్ల కంప్యూటర్ డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడు. ఇంటర్ వొకేషనల్‌లో కూడా కంప్యూటర్ కోర్సులున్నాయి గానీ, ఇంజినీరింగ్‌కి వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సు పాసవ్వాలి. చేరేముందు ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో హైస్కూళ్లకి కంప్యూటర్లు ఇచ్చి, చెప్పడానికి ప్రైవేటు సంస్థల మనుషుల్ని పెట్టారు. అయిదేళ్ల ఒప్పందం ముగిశాక చెప్పేవాళ్లు వెళ్లిపోయారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచారు. ట్యాబులో పాఠం చూడటం వేరు, కీబోర్డు ముందు కూర్చుని తప్పు చేసి దిద్దుకోవడం వేరు. నేను డిగ్రీలో కంప్యూటర్ పేపరు పాసయ్యాను. ఎలాగంటారా? ప్రోగ్రాములు బట్టీ పట్టి, కాగితం మీద రాసి! మిషను ముట్టుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇన్నాళ్లకీ ఆ చదువు నాకు దేనికీ అక్కరకి రాలేదు.

అందుకే గురుకులంలో చేర్చే తల్లులు సీటుతో పాటు ఇంకోటి అడగాలి. ల్యాబు తలుపు వారానికి ఎన్నిసార్లు తెరుస్తారు? ఒక్కో పిల్లకి ఎన్ని నిమిషాలు దక్కుతుంది? కొత్త మిషన్లు కొనాలనడం లేదు, ఉన్నవాటి మీది దుప్పటి తీయమంటున్నాం. "ఆడపిల్లలు పాడుచేస్తారండీ" అనే సమాధానం నా చెవులారా విన్నాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

చివరింటామె షావుకారు దగ్గరికి వెళ్లలేదు. పిల్లకి గురుకులంలో ఎం.పి.సి. సీటొచ్చింది. కాలేజీ తెరిచేదాకా రోజూ సాయంత్రం మా ఇంటికి వస్తోంది. మా ఆయన పాత లాప్‌టాప్‌లో పైథాన్ వేశాం, అది ఉచితమే. నాకూ కొత్తే కనక ఇద్దరం కలిసి తడుముకుంటున్నాం. నిన్న వాళ్లమ్మ సంతలో అమ్మిన చింతపండు తూకాలన్నీ ఎక్కించి మొత్తం వేయించింది. షావుకారు చీటీలో అంకెకీ, దీనికీ పదహారు రూపాయలు తేడా వచ్చింది. ఎవరిది తప్పో చూద్దామనుకునేలోగా కరెంటు పోయింది. పాత బ్యాటరీ కదా, అదీ ఆగిపోయింది. ఇవాళ చీటీ పట్టుకుని మళ్లీ వస్తానంది.