బొమ్మ ఆగాక అడగాల్సిన ప్రశ్న

‘నాడు–నేడు’ కింద 2023లో తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రభుత్వ పాఠశాలలకూ డిజిటల్ తెరలు, స్మార్ట్ టీవీలు వచ్చాయి. వాటిపై ఏం చూపాలన్నదే కాదు, చూపాక ఏం అడగాలన్నదీ ముఖ్యమని మేము భావిస్తున్నాం.

పిక్సర్ 2016లో తీసిన ‘పైపర్’ ఆరు నిమిషాల యానిమేషన్ చిత్రం. మాటలు లేవు కనుక ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకూ, తమిళం మాట్లాడే పిల్లలకూ ఒకేలా అందుతుంది. అలకు బెదిరిన పక్షిపిల్ల ఒక చిన్న ఎండ్రకాయను చూసి, నీళ్లలో కళ్లు తెరవడం నేర్చుకుంటుంది.

‘నీతి ఏమిటి?’ అంటే పిల్లలు ‘ధైర్యంగా ఉండాలి’ అని అప్పజెప్పేస్తారు. ‘ఎందుకు భయపడింది? ఎక్కడ మారింది? ఏ దృశ్యం చూసి చెబుతున్నావు?’ అంటేనే ఆలోచిస్తారు. పిరికిదని ముద్ర వేయకముందే కారణం వెతకడం అలవాటైన పిల్లలు, తరగతిలో నోరు విప్పని తోటివాణ్ణీ రేపు అలాగే అర్థం చేసుకుంటారు.