ముందు మన హద్దు చెప్పుకుందాం

ఆలమూరు చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెబుతున్నవాళ్లం మనందరం కలిసి ఒప్పుకోవలసిన తప్పు ఒకటుంది. పదో తరగతి పిల్లల చేతికి ఉపవాచకంగా రామాయణం వచ్చింది. అందులోని మనుషుల్ని వదిలేసి మార్కులు మాత్రం ఏరిపెట్టాం.

కిష్కింధకాండ చివర వానరులు సముద్రం ఒడ్డున కూలబడతారు. సుగ్రీవుడిచ్చిన గడువు దాటిపోయింది. సీత జాడ సంపాతి చెప్పాడు గాని, మధ్యలో 100 యోజనాల నీళ్లు. అప్పుడు ఒక్కొక్కరూ లేచి తమ సత్తా ఎంతో చెప్పుకుంటారు. గజుడు 10 అంటాడు, గవాక్షుడు 20 అంటాడు, ముసలి జాంబవంతుడు 90 అంటాడు. దండుకు నాయకుడైన అంగదుడు వెళ్లగలనంటాడు, తిరిగి రావడమే అనుమానమంటాడు. నాయకుడై ఉండీ ఆ కుర్రవాడు తన సందేహాన్ని దాచుకోలేదు. ఓ పక్కన మౌనంగా కూర్చున్న హనుమంతుడికి అతని బలం గుర్తుచేసి లేపినవాడు జాంబవంతుడు. తన్ను తాను ఎరగడం, పక్కవాణ్ణి నిలబెట్టడం రెండూ అక్కడే ఉన్నాయి.

మనం మాత్రం వాక్యాలను సంఘటనల క్రమంలో రాయమన్నాం. హనుమంతుడి గుణగణాలు మనమే చెప్పి రాయించాం. నీ హద్దెక్కడ, పదిమందిలో చెప్పగలవా, గుంపంతా ఒకవైపు పరుగెడుతుంటే నువ్వు ఆగగలవా అని ఏ పిల్లనీ, ఏ పిల్లవాణ్ణీ అడగలేదు.

2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని కాదంటూ వచ్చిన గుంపు అమలాపురంలో మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టింది. కేసుల్లో చిక్కుకున్న కుర్రాళ్లు ఎందరో. మనం జొన్నాడ వంతెనకు ఇవతల ఉన్నాం, మనకేం సంబంధం అనుకుంటే చెల్లదు. వాళ్లు చదువుకున్నదీ మనలాంటి బడుల్లోనే. సెలవులయ్యాక బడి తెరిచినప్పుడైనా ఆ సంగతి ఎత్తామా? గొడవెందుకని పాఠంలోకి వెళ్లిపోయాం. రాజ్యాంగం రాసినవారి పేరంటే మన ఇళ్లలో కొందరికి ఎందుకు కష్టంగా ఉందో తెలిసి కూడా ఊరుకున్నాం.

బోయి భీమన్న గారు ఈ కోనసీమ మామిడికుదురులోనే పుట్టారు. ఆయన ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆయన ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇళ్లు తగలబడిన నేలకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది? పరీక్షలో రాదని ఆయన్ని పిల్లలకు పరిచయమైనా చేయలేదు.

ఈ ఏడు కిష్కింధ చెప్పేటప్పుడు అంగదుడి మాట దగ్గర ఆగుదాం. జవాబు రాయించొద్దు. కులం మాట వచ్చినప్పుడు నాకు నోరు పెగల్లేదని, నా ధైర్యం అంతవరకేనని మాష్టారే ముందు చెప్పాలి. నీ సంగతేమిటని పిల్లల్ని అడిగే హక్కు మనకు ఆ తర్వాతే వస్తుంది.