లెక్క చెప్పలేని తూటా మనకొద్దు



కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. కానిస్టేబుల్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవాల్సిందే.

పోయిన వారం మన గ్రూపులో రెండు మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక తమ్ముడు "పోలీసు ఉద్యోగమొస్తే ఇన్సాస్ ఇస్తారా, ఎస్సెల్లార్ ఇస్తారా? వేటకైతే ఏ తూటా మంచిది?" అని అడిగినాడు. దాని కింద ఇంకొకాయన వాళ్ల జేజినాయన కాలం నాటి నాటు తుపాకి ఫోటో పెట్టి "దీని ముందర అవన్నీ దేనికీ పనికిరావు" అని రాసినాడు. ఫోటో తీసేయించినాము. ఫోటో తీసేస్తే ప్రశ్న పోదు కదా. అందుకే ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఉండే ఎరుకల, యానాది, సుగాలి పిల్లోళ్లం కొందరం కూర్చుని మాట్లాడుకొని ఇది రాస్తున్నాము.

మా అభిప్రాయం మొదటే చెప్తాము. గట్టిగా తగిలేదంతా మంచి తూటా కాదు. ఎక్కడికి పోతుందో ముందే తెలియాలి. పోయినాక ఎవరు కాల్చినారో, ఎందుకు కాల్చినారో లెక్క చెప్పగలగాలి. ఆ లెక్క లేని తూటా వేటలోనూ వద్దు, పోలీసులోనూ వద్దు.

ముందు తమ్ముడి ప్రశ్నకు జవాబు. మన పోలీసుల్లో ఎక్కువగా వినపడే రైఫిల్ తూటాలు మూడు. పాత త్రీ నాట్ త్రీ గుండు బరువు సుమారు 11 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 740 మీటర్లు. ఎస్సెల్లార్ వాడే 7.62 గుండు 9 గ్రాములు దాటుతుంది, వేగం 800 మీటర్లకు పైనే. ఇన్సాస్ 5.56 గుండు సుమారు 4 గ్రాములే, వేగం మాత్రం 900 మీటర్ల దాకా ఉంటుంది. గుండు తేలికైతే భుజానికి దెబ్బ తక్కువ, గురి పట్టుకోవడం సులువు. బరువైతే దూరంలో గాలికి తొందరగా పక్కకు పోదు. త్రీ నాట్ త్రీ కాలం అయిపోతా ఉంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌తో దాన్ని పక్కన పెట్టేసినారు.

ఏది మంచిదని మనం కొట్లాడుకున్నా, డిపార్ట్‌మెంటులో తూటాను మనం ఎంచుకోము. ఇచ్చిన తుపాకికి సరిపోయే తూటానే ఇస్తారు. మన చేతిలో ఉండేది వేరే. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందర గుండు. ఈ నాలుగూ ప్రతి తూటాలో ఒకే తీరుగా ఉంటేనే పది కాల్చినా పదీ దగ్గర దగ్గరగా పడతాయి. అందుకే ఒకే ఫ్యాక్టరీ, ఒకే లాటు తూటాలతో గురి సరిచేసుకుంటారు. లాటు మారితే మళ్లీ చూసుకోవాలి. తేమ తగిలితే ప్రైమర్ పాడవుతుంది. మన మే నెల ఎండలో జీపులో వదిలేస్తే మందు వేడెక్కి గుండు పోయే వేగమే మారుతుంది. సొట్ట పడిందీ, పచ్చగా చిలుము పట్టిందీ వాడకూడదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరిచి చూడొద్దు. గొట్టం గురి వైపే పెట్టి కాసేపు ఆగాలి. ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. ట్రైనింగులో ఇవి చెప్తారు. విన్నవాడు బతుకుతాడు, పక్కవాణ్ణి బతికిస్తాడు.

ఇంకొకటి గుండు తీరు. ముక్కు మెత్తగా ఉండే గుండు ఒంట్లోకి పోయి విచ్చుకుంటుంది. వేట చట్టబద్ధంగా ఉన్న దేశాల్లో అదే వాడతారు, జంతువు గాయంతో రోజుల తరబడి తిరక్కుండా తొందరగా పడిపోతుందని. అదే తీరు గుండును కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ వాళ్లు చేయించినారు. మనిషి మీద అది మరీ క్రూరమని 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో నిషేధించింది. మరి పూర్తిగా లోహపు తొడుగున్న గుండు మంచిదా అంటే, అది మనిషి ఒంట్లోంచి దూసుకుపోయి వెనకున్నవాడికి కూడా తగలొచ్చు. మన ఊర్లలో ఎక్కడ చూసినా నాపరాయి బండలే. బండకు తగిలిన గుండు ఎటు ఎగిరిపోతుందో కాల్చినోడికి కూడా తెలీదు. రైఫిల్ గుండు గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది. కాబట్టి కాల్చేవాడు ముందున్న దాన్ని కాదు, దాని వెనక ఏముందో ముందు చూడాలి. గొర్రెలు మేపే పిల్లోడు ఉండొచ్చు, క్వారీలో కూలి ఉండొచ్చు.

ఇప్పుడు ఆ ఫోటోలోని నాటు తుపాకి సంగతి. దాని గొట్టం లోపల గాడులు ఉండవు, గుండు తిరగదు, నేరుగా పోదు. మందు అందాజుగా పోస్తారు, ఇనుప ముక్కలో సీసమో దొరికింది వేస్తారు. ఒకసారి కాల్చినట్టు రెండోసారి కాలదు. మాలో ఒకడి మామ చెనిక్కాయ చేలో పందుల కోసం కాపు కాస్తుంటే గొట్టం పగిలి ఎడమ చేతి రెండు వేళ్లు పోయినాయి. పంది గాయంతో తప్పించుకుంది. ఆస్పత్రిలో ఏం జరిగిందో నిజం చెప్పడానికి భయం, కేసవుతుందని. పందుల కోసం మేతలో పెట్టే మందు బాంబులు ఇంకా ఘోరం. 2020లో కేరళ పాలక్కాడ్ వైపు కడుపుతో ఉన్న ఏనుగు అట్లాంటి ఎరనే కొరికి చచ్చిపోయింది. రేపు మన గొడ్డో, మన బిడ్డో కొరకదని ఎవరు చెప్పగలరు?

చట్టం కూడా తెలుసుకోండి. లైసెన్సు లేని తుపాకి దగ్గరుంటే, 2019 సవరణ తర్వాత 2 నుంచి 5 ఏళ్ల జైలు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషేధం. కృష్ణజింక, చింకారా లాంటివైతే శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఎన్నో హక్కులిచ్చింది గానీ, వేటను మాత్రం స్పష్టంగా పక్కన పెట్టింది. అయితే పంట నాశనం చేసే అడవి పందిని చంపేందుకు అనుమతి ఇచ్చే అధికారం అదే వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద అటవీ అధికారులకు ఉంది. పంట కాపాడుకోవడానికి లైసెన్సు ఇవ్వొచ్చని ఆయుధాల చట్టం సెక్షన్ 13లోనూ ఉంది. అంటే దారి ఉంది. మనం అడగడం లేదు, అడిగినా ఊరికే తిప్పుతున్నారు. కేరళలో 2022 నుంచి పంట తినే పందుల విషయం తేల్చే అధికారం పంచాయతీలకే ఇచ్చినారు. లైసెన్సున్న వాళ్లే కాలుస్తారు, ఎవరు కాల్చినారో లెక్క ఉంటుంది. మనకూ అది కావాలని అడుగుదాం.

"వేట మన సంస్కృతి, మనల్ని మాత్రమే ఆపుతారెందుకు?" అని కొందరు అన్నలు అడుగుతారు. ఆ బాధ నిజమే, మేము కాదనము. కొడగు వాళ్లకు ఆయుధాల చట్టం నుంచి బ్రిటిష్ కాలం నుంచీ మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. అదే బ్రిటిష్ వాళ్లు మన ఎరుకల వాళ్లను క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద పెట్టి, స్టూవర్టుపురం, సీతానగరం సెటిల్మెంట్లలో హాజరు వేయించినారు. ఒకరికి తుపాకి గౌరవం, ఇంకొకరికి పుట్టుకే నేరం. ఆ చట్టం 1952లో పోయింది గానీ ఆ చూపు ఇంకా పోలేదు. అందుకే చెప్తున్నాము, మన ఇంట్లో నాటు తుపాకి దొరికితే అది ఒకరి కేసుగా ఆగదు, కులం మొత్తం మీదకు వస్తుంది. పోలీసు ఉద్యోగానికి ముందు నడవడిక విచారణ ఉంటుంది. జేజినాయన తుపాకి కోసం మనవడి యూనిఫాం పోవాలా?

మన సంస్కృతి గొట్టంలో లేదు, కంటిలో ఉంది. కలివికోడి కథ గుర్తుందా? 1900 తర్వాత ఎవరికీ కనపడని పిట్ట. ప్రపంచంలో ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని పట్టింది పెద్ద తుపాకి ఉన్న దొర కాదు, ఐతన్న అనే మన ప్రాంతపు వేటగాడు. రాత్రిపూట దాని నడక, దాని చోటు తెలిసినవాడు. ఆ పిట్ట పుణ్యమాని లంకమల్ల అభయారణ్యం ఏర్పడింది. ఆ తెలివికి వాచర్ ఉద్యోగాలు, గైడు ఉద్యోగాలు ఇవ్వమని అడగడమే ఇప్పటి మన వేట.

చివరిగా పోలీసు కాబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మీరు కాల్చే ప్రతి తూటా రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకునేది, ఖాళీ తొడుగు కూడా తిరిగి అప్పగించేది. దాన్ని విసుగ్గా చూడొద్దు. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లలో తుపాకులు, తూటాలు తీసుకుపోయి, ఏమేం తీసుకున్నాడో స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టినాడు. తెల్లదొర మీద తిరగబడినోడే లెక్క రాసినాడంటే, జీతం తీసుకునే మనం రాయకపోతే ఎట్లా? లెక్క లేకపోతే ఏమవుతుందో 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో చూసినాము. ఎర్రచందనం కూలీలంటూ 20 మందిని కాల్చేసినారు, అందులో చాలామంది తమిళనాడు జవ్వాది కొండల గిరిజనులు. మన లాంటోళ్లే. అంతకు ముందే, 2014లో, ఎన్‌కౌంటర్ జరిగితే ఎఫ్‌ఐఆర్ రాయాలి, కాల్చిన ఆయుధాన్ని ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలి, వేరే వాళ్లు దర్యాప్తు చేయాలి అని సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చదివి యూనిఫాం వేసుకోండి. ఎదురుగా ఉండేది రేపు మీ చిన్నాన్నే కావొచ్చు.

అందుకే మేము అడిగేది మూడే. నాటు తుపాకి ఫోటోలు, గొప్పలు గ్రూపులో వద్దు. పందుల వల్ల పంట పోయినవాళ్లు ఊరికొకటి అర్జీ రాయండి, రసీదు తీసుకోండి, రాసేదానికి మేము తోడుంటాము. పోలీసు ఉద్యోగానికి తయారయ్యేవాళ్లు తూటా గురించి ఎంత నేర్చుకుంటారో చట్టం గురించి కూడా అంత నేర్చుకోండి.

ఏకలవ్యుడు కుక్క నోటినిండా ఏడు బాణాలు కొట్టినాడు, కుక్కకు గాయం కాలేదు. ఆ గురి మనది. కొట్టగలిగీ గాయం చేయకపోవడమే అందులోని గొప్ప. బొటనవేలు ఒకసారి పోగొట్టుకున్నాము, ఇంకోసారి పగిలిన గొట్టానికో, పోలీసు కేసుకో ఇవ్వొద్దు.

ఒప్పుకోని వాళ్లు కూడా కింద రాయండి. కోప్పడము, జవాబు చెప్తాము.