ఇంజన్ ముందు నిలబడేదెవరు?

2015 డిసెంబర్ 16 రాత్రి. ముంబైలో హైదరాబాద్ రావాల్సిన ఎయిరిండియా విమానం, ఏఐ 619. పుష్‌బ్యాక్ అయింది, ఇంజన్ స్టార్టయింది. కింద పని చేస్తున్నవాళ్లు పూర్తిగా పక్కకు రాకముందే విమానం కదిలింది. టెక్నీషియన్ ఒకరిని ఇంజన్ లోపలికి లాగేసుకుంది. రెండు రోజులు టీవీల్లో 'విచిత్ర ప్రమాదం' అన్నారు. ఆ మాటతోనే మనకు పేచీ.

విమానం టాక్సీ మొదలుపెట్టే ముందు రెండు మూడు నిమిషాలు ఎలా నడుస్తాయో చూడండి. ట్రాక్టర్ విమానాన్ని వెనక్కి నెడుతుంది. ఆ సమయంలో ముందు చక్రం పైలట్ చేతిలో ఉండకుండా ఒక పిన్ను పెడతారు. నెట్టడం అయ్యాక టో బార్ విప్పి, పిన్ను తీసి, హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి పక్కకు నడిచి, పైలట్‌కు కనిపించేచోట నిలబడి ఆ పిన్నును ఎత్తి చూపించాలి. 'మా వాళ్లందరం దూరంగా వచ్చేశాం' అని దానర్థం. కాక్‌పిట్‌లో కూర్చున్నవారికి తమ ముక్కు కింద ఏముందో కనబడదు. చెవులకు మఫ్‌లు పెట్టుకున్న కార్మికుడికి ఏ ఇంజన్ ఎంత దగ్గరుందో చప్పుడును బట్టి తెలియదు. ఇద్దరి మధ్య ఉన్నది ఆ ఒక్క చేతి సైగే. దాన్ని తొందరపెడితే ప్రాణం పోతుంది. చవక విమాన సంస్థలు దిగిన విమానాన్ని అరగంటలో తిరిగి లేపాలంటాయి. ఆ గడియారం మోగేది మాత్రం కింద ఉన్నవాళ్ల నెత్తిమీదే.

అమెరికాలోనూ ఇంతే. 2022 డిసెంబర్ 31న అలబామాలోని మాంట్‌గొమరీలో ఒక ఎంబ్రాయర్ విమానం గేటు దగ్గర ఆగింది. దాని సహాయక పవర్ యూనిట్ పనిచేయడం లేదు కాబట్టి కింద నుంచి కరెంటు తగిలించేదాకా ఒక ఇంజన్ నడుస్తూనే ఉంది. జాగ్రత్తలు చెప్పే మీటింగ్ విమానం రాకముందే జరిగింది. అయినా ర్యాంప్ కార్మికురాలు ఒకరు బలయ్యారు. ఇంజన్ ముందు 15 అడుగుల లోపలికి వెళ్లకూడదని కంపెనీ మాన్యువల్‌లో రాసే ఉంది. కార్మిక భద్రతా శాఖ వేసిన జరిమానా 15,625 డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు 13 లక్షల రూపాయలు. ఒక తీవ్రమైన ఉల్లంఘనకు ఆ ఏడాది అక్కడి చట్టంలో గరిష్ఠం అదే. మాన్యువల్ ఉంది, మీటింగ్ ఉంది, శిక్ష కూడా ఉంది. కానీ 'ఆగండి, ఇంజన్ ఆగేదాకా మేం కదలం' అని చెప్పి, చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకోకుండా ఉండే బలం ఎవరికుంది?

మన దగ్గర ఆ బలాన్ని తీసేసిన చరిత్ర కోర్టు తీర్పుల్లోనే ఉంది. కేంద్రం పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్వడం, శుభ్రం చేయడం, కాపలా కాయడం కాంట్రాక్టుకు ఇవ్వకూడదని 1976 డిసెంబర్ 9న నోటిఫికేషన్ వచ్చింది. ఊడ్చే, కడిగే పని ఈ దేశంలో ఏ కులాల మీద పడుతుందో మన పాఠకులకు చెప్పక్కర్లేదు. దాని ఆధారంగానే ఎయిరిండియా కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ కాంట్రాక్టు కార్మికులను సంస్థ సొంత ఉద్యోగులుగా తీసుకోవాలంది. ప్రధాన తీర్పు రాసింది మన తెలుగు నేల నుంచి వెళ్లిన దళిత న్యాయమూర్తి కె. రామస్వామి. అయిదేళ్లు తిరక్కుండానే, 2001లో, సెయిల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పునూ, 1976 నోటిఫికేషన్‌నూ రెండింటినీ పక్కన పెట్టింది. 2022 జనవరి 27న ఎయిరిండియా టాటాల చేతికి పోయింది, దాంతోపాటు రిజర్వేషనూ పోయింది.

మిగిలిందేమిటో 2024 జూలైలో ముంబై కలీనాలో చూశాం. లోడర్ల పోస్టులు రెండు వేల పైచిలుకు, నెలకు 20 నుంచి 25 వేలు, అదీ కాంట్రాక్టు మీద. వచ్చిన జనం తొక్కిసలాట జరుగుతుందేమో అన్నంత. అలాంటి లైన్లో నిలబడి ఉద్యోగం తెచ్చుకున్న పిల్లవాడు సూపర్‌వైజర్‌కు ఎదురు చెబుతాడా?

ఇప్పుడు అమల్లోకి వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్, సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులు వద్దంటుంది. వెంటనే పారిశుధ్యం, లోడింగ్, అన్‌లోడింగ్ ప్రధాన పనులు కావని మినహాయిస్తుంది. 1976లో కాపాడిన పనినే ఇక్కడ పేరు పెట్టి మరీ బయటికి నెట్టారు. అయితే ఆ మినహాయింపుకు ఒక షరతుంది: సంస్థ ఆ పని కోసమే పెట్టింది కాకపోతేనే అది వర్తిస్తుంది. గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ పుట్టిందే లోడింగ్, అన్‌లోడింగ్ కోసం. మరి దాని కింద ఇంకో సబ్ కాంట్రాక్టర్ ఎందుకున్నాడు? 'ఈ రంగంలో మామూలుగా కాంట్రాక్టరే చేయిస్తాడు' అన్న మరో మినహాయింపును కంపెనీలు తప్పక చూపిస్తాయి. ఏది ప్రధాన పనో తేల్చమని ప్రభుత్వం ముందు దరఖాస్తు పెట్టే దారి 57వ సెక్షన్‌లోనే ఉంది. లా చదువుతున్న మన విద్యార్థులు శంషాబాద్ ర్యాంప్ కార్మికులతో కూర్చుని, వాళ్ల నియామక పత్రాల మీద ఎవరి పేరుందో చూడటంతో ఆ దరఖాస్తు మొదలుపెట్టవచ్చు.